కన్సాలిడేట్ చేసి పంపండి

జిల్లా ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు మీ చుట్టాల్లోనో స్నేహితుల్లోనో ఒక్కరైనా ఉండే ఉంటారు. రాత్రి ఎనిమిదైనా ఇంటికి రాకపోతే ఫోన్ చేసి చూడండి. "కన్సాలిడేషన్‌లో ఉన్నానండీ, మండలాల నుంచి ఇంకా షీట్లు వస్తూనే ఉన్నాయి" అంటారు. బయటివాళ్ళకి ఆ మాట అంతగా తెలియదు. ఇంట్లోవాళ్ళకి మాత్రం ఆ పూట ఎదురుచూడటం దండగని అర్థమైపోతుంది.

జరిగేది ఇదీ. పైనుంచి ఒక ప్రొఫార్మా వస్తుంది. రాష్ట్రం జిల్లాని అడుగుతుంది, జిల్లా మండలాల్ని అడుగుతుంది, మండలం ఊళ్ళని అడుగుతుంది. "రేపు ఉదయం పదింటికల్లా" అని వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఆరేసి వందలకు పైగా మండలాలున్నాయి. జిల్లాకి ఇన్నని ఎక్సెల్ ఫైళ్ళు వచ్చి ఒక్క ఆపరేటర్ కంప్యూటర్లో పడతాయి. ఇక అక్కడ మొదలవుతుంది: ఫైలు తెరువు, వరుసలు సెలెక్ట్ చెయ్యి, కాపీ కొట్టు, పెద్ద షీట్లో పేస్ట్ చెయ్యి, మూసెయ్యి, తర్వాతిది తెరువు. మధ్యలో ఎవరో పిలుస్తారు. తిరిగొచ్చేసరికి ఏ మండలం దాకా చేశామన్నది గుర్తుండదు.

ఇలాంటి ఆఫీసుల్లో ఆ ఆపరేటర్ల పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడం నాకు చాలాకాలంగా అలవాటు. ఈ పనిలో వాళ్ళు పడే అవస్థ నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఎందుకంటే దీనికి విరుగుడు ఉంది, అదీ పైసా ఖర్చు లేకుండా ఉంది. ఆ కబుర్లే ఇవాళ మీతో చెప్పుకోవాలనుకుంటున్నాను. కంప్యూటర్ భాషలు రానివాళ్ళు కూడా నిశ్చింతగా చదవచ్చు.

ఉదాహరణకి బడిలో మధ్యాహ్న భోజనం నివేదిక తీసుకుందాం. మండలం పేరు, స్కూల్ కోడ్, స్కూల్ పేరు, నమోదైన పిల్లలు, హాజరైన పిల్లలు, భోజనం చేసినవాళ్ళు, వాడిన బియ్యం. చూడటానికి ఏడే కాలమ్‌లు. ఒక ఆఫీసులో ఆపరేటరమ్మాయి అంతా ఒకచోట చేర్చి మొత్తం తీసింది. కాసేపు తెర వంక చూసి, "సార్, హాజరైన పిల్లలకంటే భోజనం చేసినవాళ్ళే ఎక్కువున్నారండీ" అంది. సూపరింటెండెంట్ గారు తల ఎత్తకుండానే, "ఎక్కడో ఏదో రెండుసార్లు పడి ఉంటుందమ్మా, చూసుకో" అన్నారు. ఎక్కడని చూసుకుంటుంది? పేస్ట్ చేసిన వరుసలో ఏది ఏ ఫైల్లోంచి వచ్చిందో చెప్పే ఆనవాలు ఒక్కటీ లేదు. మళ్ళీ మొదటి మండలం నుంచి తెరవాల్సిందే. కాపీ పేస్ట్‌తో నాకున్న పేచీ అదే. పని ఎంతసేపు పట్టిందన్నది తర్వాతి సంగతి, చేసిన పని ఎక్కడా రాసి ఉండదు.

ఇది మన మండలాఫీసుల బాధ మాత్రమే అనుకోకండి. 2012లో జేపీ మోర్గాన్ అనే అమెరికా బ్యాంకుకి లండన్ ఆఫీసులో జరిగిన లావాదేవీల వల్ల 600 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చింది. నష్టానికి కారణాలు అనేకం. కానీ ఆ మరుసటేడు బ్యాంకు స్వయంగా వేసిన విచారణ నివేదికలో ఒక విషయం బయటపడింది. ఎంత రిస్కులో ఉన్నామో లెక్కగట్టే పద్ధతి మొత్తం వరసగా కొన్ని ఎక్సెల్ షీట్ల మీద నడిచేదట, ఒక షీట్లోంచి ఇంకో షీట్లోకి మనుషులు చేత్తో కాపీ పేస్ట్ చేసేవారట. అంత పెద్ద బ్యాంకులోనూ మన ఆపరేటరమ్మాయి చేసే పనే చేశారన్నమాట.

సరే, విరుగుడు సంగతికి వద్దాం. స్క్రిప్ట్ అంటే ఏమిటి? కంప్యూటర్‌కి మనం రాసిచ్చే పని చీటీ. "ఈ ఫోల్డర్లో ఉన్న ఎక్సెల్ ఫైళ్ళన్నీ జాబితా తియ్యి. ఒక్కొక్కటీ తెరువు. ఫలానా షీట్ చదువు. ప్రతి వరుస పక్కన అది ఏ ఫైల్లోంచి వచ్చిందో రాయి. అన్నిటినీ ఒకదాని కింద ఒకటి పేర్చు. కొత్త ఫైల్లో దాచు." అంతే. పైథాన్ భాషలో పాండాస్ అనే లైబ్రరీ ఉంది. ఆర్థిక లెక్కలతో కుస్తీ పడుతున్న వెస్ మెకిన్నీ అనే యువకుడు 2008లో దీన్ని రాయడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ప్రపంచమంతా ఉచితంగా వాడుకుంటోంది. దాని సాయంతో ఈ పని చీటీ పదిహేను, ఇరవై లైన్లకు మించదు. పని సెకన్లలో అయిపోతుంది. పైథాన్ మాటెత్తితేనే భయపడేవాళ్ళకి ఎక్సెల్లోనే పవర్ క్వెరీ ఉంది. డేటా మెనూలోకి వెళ్ళి, గెట్ డేటాలో ఫ్రమ్ ఫోల్డర్ అని ఎంచుకుంటే అదే పని చేసిపెడుతుంది. చేసిన మెట్లు గుర్తుంచుకుంటుంది కూడా. వచ్చే నెల కొత్త ఫైళ్ళు ఆ ఫోల్డర్లో వేసి రిఫ్రెష్ కొడితే చాలు. ఏ దారైనా నాకు సమ్మతమే.

ఆ చీటీలో నా దృష్టిలో అన్నిటికంటే విలువైన మెట్టు ఏదంటే, వరుస పక్కన ఫైలు పేరు రాయమన్నది. నేర్చుకునేవాళ్ళు సాధారణంగా దాన్ని వదిలేస్తారు. అది గనక ఉండి ఉంటే పైన చెప్పిన ఆపరేటరమ్మాయి భోజనాల కాలమ్‌ని హాజరు కాలమ్‌తో పోల్చి, ఎక్కువ ఉన్న వరుసల్ని వడకట్టి, పక్కన ఫైలు పేరు చూసి, నేరుగా ఆ మండలానికే ఫోన్ చేసి ఉండేది.

అయితే ఒక మాట. మీరు ఇవాళే ఉత్సాహంగా స్క్రిప్ట్ రాసి నడిపిస్తే మొదటిసారే చక్కగా పనిచేస్తుందని నేను చెప్పను. ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. తరచుగా ఆగే చోటు ఒకటుంది. ఏదైనా ఫైలు ఎక్సెల్లో తెరిచి ఉన్నప్పుడు అదే ఫోల్డర్లో దాని పేరుతోనే ఇంకో చిన్న ఫైలు దాక్కుని పుడుతుంది, పేరుకి ముందు అలలాంటి గీత ఒకటి, డాలర్ గుర్తు ఒకటి ఉంటాయి. అది మన కంటికి మామూలుగా కనిపించదు, స్క్రిప్ట్‌కి కనిపిస్తుంది. దాన్నీ ఒక మండలం ఫైలే అనుకుని తెరవబోయి చతికిలబడుతుంది. ఆ గుర్తులతో మొదలయ్యే పేర్లని వదిలెయ్యమని ఒక్క మాట చేరిస్తే సరి.

ఆగిపోయే స్క్రిప్ట్ మంచిదండీ. ఆగిందని తెలుస్తుంది, సరిచేసుకుంటాం. భయపడాల్సింది ఆగకుండా తప్పు చేసుకుంటూ పోయేదాని గురించి. పాండాస్ కాలమ్‌ల పేర్లు చూసి జతచేస్తుంది. ఒక మండలం "హాజరు" అని రాసి, ఇంకొకరు "హాజరైన పిల్లలు" అని రాస్తే అది ఏమీ గొడవ చేయదు. రెండు కాలమ్‌లు కట్టేసి, ఇందులో కొన్ని గడులు, అందులో కొన్ని గడులు ఖాళీగా వదిలేస్తుంది. ఆఖరికి "హాజరు" అని రాసి చివర ఒక ఖాళీ జాగా కొట్టినా వేరే కాలమే. చేత్తో పేస్ట్ చేసినప్పుడు జరిగేది దీనికి తిరగబడిన తప్పు. ఏ మండలమో కాలమ్‌ల వరస మార్చి పంపితే నమోదు అంకెలు హాజరు కింద పడిపోతాయి. ఖాళీగా మిగిలిన గడి కళ్ళబడుతుంది, తప్పు చోట కూర్చున్న అంకె కళ్ళబడదు. అందుకే స్క్రిప్ట్ చేసే తప్పే నయమంటాను.

మన షీట్ల వైభోగం మీకు చెప్పాలి. పైన నాలుగు గడులు కలిపేసి లావుపాటి అక్షరాలతో మండలం పేరు, నెల పేరు, నివేదిక పేరు. దాని కింద కాలమ్ పేర్లు రెండంతస్తులుగా, బాలురు, బాలికలు, మొత్తం. ఎడమవైపు మండలం పేరు నలభై వరుసలకీ కలిపి ఒక్క పెద్ద గడి. ప్రింటు తీసి సంతకం పెట్టించడానికి ఇంతకంటే అందమైన కాగితం ఉండదు. కానీ ఎక్సెల్ దృష్టిలో అలా కలిపిన గడిలోని మాట మొదటి వరుసకే చెందుతుంది, మిగతా ముప్ఫై తొమ్మిదీ ఖాళీలే. పై మాటనే కిందికి దింపుకుంటూ పొమ్మని స్క్రిప్ట్‌కి చెప్పవచ్చు, చెప్పాలి కూడా. నిజంగానే ఖాళీ వదిలిన గడి ఆ కాలమ్‌లో ఉంటే అందులోకీ పై మాట దిగిపోతుంది, అది గుర్తుపెట్టుకుని మండలం పేరుకే ఆ పని చేయించాలి.

ఇంకా కిందికి వెళితే షీట్ చివర "మొత్తం" అని ఒక వరుస. అది కూడా ఒక స్కూలే అనుకుని స్క్రిప్ట్ కలిపేస్తుంది. అన్ని మండలాలూ మొత్తం వేసి పంపితే జిల్లా లెక్క సరిగ్గా రెట్టింపు వస్తుంది, ఎవరైనా ఇట్టే పట్టేస్తారు. కొందరు వేసి, కొందరు వేయకపోతే మాత్రం లెక్క ఒకటిన్నర రెట్లో, ఒకటింబావు రెట్లో వస్తుంది. అది నమ్మదగ్గ అంకెలాగే కనిపిస్తుంది. అలా కనిపించే తప్పు అంకె పై ఆఫీసుకి వెళ్ళిపోయి, అక్కడి మొత్తంలో కలిసిపోయి, ఇక వెనక్కి రాదు.

"నిల్" అన్న మాట దగ్గర కాసేపు ఆగుదాం. ఒక హెడ్మాస్టరు గారు నిల్ అని రాస్తారు, ఇంకొకరు సున్నా వేస్తారు, మరొకరు చిన్న గీత గీస్తారు, ఇంకొకరు వదిలేస్తారు. నలుగురి ఉద్దేశమూ ఒకటేనా? ఆ రోజు పిల్లలెవరూ భోజనం చేయలేదు అన్నది ఒక సంగతి. ఎంతమంది చేశారో మా దగ్గర లెక్క లేదు అన్నది పూర్తిగా వేరే సంగతి. మొదటిది సున్నా, రెండోది తెలియనిది. అన్నిటినీ సున్నా చేస్తే లెక్క పంపని బడి కూడా పిల్లలకి అన్నం పెట్టని బడి అయిపోతుంది. అన్నిటినీ ఖాళీ చేస్తే నిజంగా అన్నం వండని బడి లెక్కల్లోంచే మాయమైపోతుంది. వంట జరగని రోజులు ఏవో తెలుసుకోవడానికే గదండీ నివేదిక అడిగింది! ఇది ఏ స్క్రిప్టూ తేల్చలేదు. ఫోన్ చేసి అడగాలి, జవాబు రాసుకోవాలి, ఆ మండలం నిల్ అంటే ఇది అని స్క్రిప్ట్‌లోనే ఒక లైను రాసిపెట్టాలి.

అంకెల విషయంలో ఎక్సెల్ చేసే అతి చొరవ ఇంకో తలనొప్పి. దేశంలో ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంది. మొదటి రెండూ రాష్ట్రానివి, ఆంధ్రప్రదేశ్‌కి 28, తెలంగాణకి 36. మన అదృష్టం, ఎక్సెల్ మామూలుగా 11 అంకెల దాకా ఉన్నదున్నట్టు చూపిస్తుంది. ఢిల్లీ కోడ్ 07తో మొదలవుతుంది, అక్కడి ఫైల్లో ముందున్న సున్నా ఎగిరిపోయి పదంకెలే మిగులుతాయి. ఆధార్ నంబరుకి 12 అంకెలు కదా, దాన్ని మామూలు గడిలో కొడితే చుక్క పెట్టి, చివర ప్లస్ పదకొండు అని తగిలించి చూపిస్తుంది. అక్కడికీ లోపల అంకెలు క్షేమంగానే ఉంటాయి. 15 అంకెలు దాటితే మాత్రం నష్టం జరిగిపోయినట్టే. 16 అంకెల బ్యాంకు ఖాతా నంబరు మామూలు గడిలో టైపు చేస్తే చివరి అంకె సున్నా అయిపోతుంది. పోయిన ఆ అంకెని ఏ స్క్రిప్టూ వెనక్కి తేలేదు. ఎవరి స్కాలర్‌షిప్పో, ఎవరి పింఛనో అక్కడే ఆగిపోతుంది. కాబట్టి కోడ్‌లు, ఖాతాలు, ఫోన్ నంబర్లు అన్నిటినీ అక్షరాలుగా భావించి చదవమని స్క్రిప్ట్‌కి చెప్పడం ఒక ఎత్తు. ప్రొఫార్మా పంపేటప్పుడే ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా పెట్టి పంపడం ఇంకో ఎత్తు. రెండోదే అసలు రక్షణ.

తేదీలూ అంతే. ఎక్సెల్ లోపల తేదీ అనేది ఉత్త అంకె. 2024 జనవరి 1 దానికి 45292. మనం రోజు ముందు, నెల తర్వాత రాస్తాం. అమెరికా పద్ధతిలో సెట్ చేసిన కంప్యూటర్ 3/4 అని కొడితే మార్చి నాలుగు అనుకుంటుంది. 12 దాటిన రోజుల్ని తేదీగా పోల్చుకోలేక మాటలాగే వదిలేస్తుంది. అంటే ఒకే కాలమ్‌లో సగం తేదీలు తారుమారై, సగం మాటలుగా మిగిలి ఉంటాయి. జన్యుశాస్త్రవేత్తలు కూడా ఈ చొరవకి తట్టుకోలేకపోయారు. సెప్ట్1, మార్చ్1 లాంటి జన్యువుల పేర్లు కొట్టగానే తేదీలుగా మారిపోతుండటంతో, ఆ పేర్లు ఖరారు చేసే సంఘం 2020లో జన్యువుల పేర్లనే మార్చేసింది.

మన తెలుగుకి మాత్రమే ఉన్న చిక్కులూ కొన్ని ఉన్నాయి. పాత ఆఫీసుల్లో ఇప్పటికీ అనూ ఫాంట్లలో టైపు చేసిన షీట్లు వస్తాయి. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లో శుభ్రంగా తెలుగు, లేనిదాంట్లో అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు. యూనికోడ్‌లో టైపు చేసిన "గుంటూరు", అనూలో టైపు చేసిన "గుంటూరు" మన కంటికి ఒకటే, స్క్రిప్ట్‌కి ఒకదానికొకటి బొత్తిగా సంబంధం లేనివి. యూనికోడ్‌లోనే రాసినా ఇంకో సంగతి ఉంది. "రామ్‌నగర్" లాంటి మాటలో మకారం కింద నకారం ఒత్తుగా పడిపోకుండా, రెండింటి మధ్య కంటికి కనిపించని అక్షరం ఒకటి వేస్తాం. కొన్ని కీబోర్డులు అది వేస్తాయి, కొన్ని వేయవు. తెర మీద చూసేవాళ్ళు ఒత్తు పడిందా లేదా అని పట్టించుకోరు, రెండూ ఒకే ఊరని చదువుకుంటారు. స్క్రిప్ట్ మాత్రం రెండు ఊళ్ళు లెక్కేస్తుంది. ఇక అంతా కలిపి సీఎస్‌వీ ఫైలుగా దాచి ఎక్సెల్లో తెరిస్తే తెలుగంతా చెత్త గుర్తులుగా కనిపించడం మీలో చాలామందికి అనుభవమే. దాచేటప్పుడు యూటీఎఫ్-8-సిగ్ అనే ఎన్‌కోడింగ్ ఇమ్మంటే ఆ బాధ తప్పుతుంది. తెలుగులో డేటా దాచాలనుకునే ప్రతివాళ్ళూ ఈ ఒక్క మాట గోడ మీద రాసిపెట్టుకోవాలి.

ఇన్ని చెప్పాక మీరు తప్పకుండా అడుగుతారు, పేర్లతో ఇంత తంటా ఎందుకు, కోడ్‌తోనే అన్నీ కలపొచ్చు కదా అని. అవునండీ, సరిగ్గా అదే! పేరు మనుషుల కోసం, కోడ్ కలపడం కోసం. మన రెండు రాష్ట్రాల్లో జిల్లాల పేర్లు పట్టుకుని ఏళ్ళ తరబడి లెక్కలు కలపబోయినవాళ్ళకి ఈ మాట ఎంత నిజమో తెలుసు. తెలంగాణ ఏర్పడ్డప్పుడు 10 జిల్లాలు. 2016 అక్టోబరు 11న 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట కలిసి 33. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. అందులోనూ వరంగల్ కథ వినండి. 2016కి ముందు వరంగల్ అంటే పెద్ద ఉమ్మడి జిల్లా. తర్వాత వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్. 2021లో అర్బన్ పేరు హనుమకొండ అయింది, రూరల్ పేరు వరంగల్ అయింది. 2015 ఫైల్లో ఉన్న వరంగల్‌నీ, 2022 ఫైల్లో ఉన్న వరంగల్‌నీ పక్కపక్కన పెట్టి "బడిపిల్లలు ఇంతగా తగ్గిపోయారు" అని ఎవరైనా రాస్తే, పిల్లలు ఎక్కడికీ పోలేదు, జిల్లాయే మారింది. ఏ ఏడాదిలో ఏ మండలం ఏ జిల్లాలో ఉందో చెప్పే చిన్న పట్టిక ఒకటి విడిగా తయారుచేసుకుని, స్క్రిప్ట్ దాన్ని చూసుకుని కలిపేలా చేయాలి. జిల్లా లెక్కలతో పనిచేసే విలేకరులూ పరిశోధకులూ ఈ పట్టిక లేకుండా అడుగు ముందుకు వేయకూడదని నా గట్టి అభిప్రాయం.

కలిపేశాక ఏం చేయాలి? చూసుకోవాలి. వడ్లు దంచాక చెరగకుండా అన్నం వండం కదా. ఎలా చూసుకోవాలో చెప్పడానికి ఇంగ్లండులో జరిగిన సంగతి ఒకటి చెబుతాను, మనసు కలుక్కుమనిపించే సంగతి. 2020 కరోనా రోజులు. లేబొరేటరీల నుంచి వచ్చే పరీక్షల ఫైళ్ళని అక్కడి ప్రజారోగ్య సంస్థ ఎక్సెల్ టెంప్లేట్లలోకి ఆటోమేటిక్‌గా చేర్చేది. అంటే మనం ఇంతసేపూ చెప్పుకున్న పనే. ఆ టెంప్లేట్లు పాత ఎక్స్‌ఎల్‌ఎస్ పద్ధతివి. వాటిలో ఒక షీట్‌కి 65,536 వరుసలే పడతాయి. 2007 నుంచి వచ్చిన కొత్త పద్ధతిలో అయితే 10,48,576 పడతాయి. ఒక్కో కేసుకి అనేక వరుసలు కావడంతో ఒక టెంప్లేటులో దాదాపు 1,400 కేసులకే జాగా నిండిపోయేది. ఆ పైన వచ్చినవి చడీచప్పుడు లేకుండా జారిపోయాయి. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 దాకా 15,841 కేసులు రోజువారీ లెక్కల్లో కలవలేదు. వాళ్ళ పరీక్ష ఫలితం వాళ్ళకి తెలిసింది, కానీ వాళ్ళతో కలిసి తిరిగినవాళ్ళకి కబురు చేయాల్సిన యంత్రాంగానికి ఆ పేర్లు చేరడం ఆలస్యమైంది. వచ్చిన ఫైళ్ళలో వరుసలన్నీ ఎన్ని, కలిపిన ఫైల్లో వరుసలు ఎన్ని అని పోల్చే ఒక్క లైను అక్కడ ఉండి ఉంటే మొదటి రోజే పట్టుబడేది.

ఆ లైను మీ స్క్రిప్ట్‌లో ఉండి తీరాలి. ఒక్కో ఫైల్లో ఎన్ని వరుసలు చదివిందో తెర మీద రాయించండి, చివర మొత్తంతో సరిపోల్చండి, తేడా వస్తే అక్కడే ఆపెయ్యమనండి. ఇంకోటి, ఆఫీసువాళ్ళకి అన్నిటికంటే నచ్చేది: జిల్లాలో ఉండాల్సిన మండలాల జాబితా ఇచ్చి, ఏవి రాలేదో, ఏవి రెండుసార్లు వచ్చాయో చెప్పమనండి. "ఫైనల్", "ఫైనల్ కరెక్టెడ్", వాట్సాప్‌లోంచి దింపితే చివర ఒకటి అంకె చేరిన ఇంకో కాపీ, ఇలా ఒకే మండలం మూడు వేషాల్లో వస్తుంది. ఆపరేటరమ్మాయి మొత్తంలో హాజరుకంటే భోజనాలు ఎక్కువ రావడానికి చివరికి తేలిన కారణంలో ఇదీ ఒకటి. పాత ఫైల్లో కాలమ్‌ల వరస వేరు, సవరించి పంపినదాంట్లో వేరు, రెండూ చేరిపోయాయి.

లెక్కకి అర్థం ఉందో లేదో చూడటం ఆ తర్వాతి మెట్టు. మధ్యాహ్న భోజన పథకంలో రోజుకి ప్రాథమిక తరగతుల పిల్లవాడికి 100 గ్రాముల బియ్యం, ఆపై తరగతులకి 150 గ్రాములు. అరవై మంది చిన్నపిల్లలు ఇరవై రెండు రోజులు తింటే 132 కిలోలు. ఒక మండలం ఫైల్లో అది 132 అని ఉంటుంది, పక్క మండలం ఫైల్లో 1.32 అని ఉంటుంది. పక్క మండలం వాళ్ళు క్వింటాళ్ళలో రాశారన్నమాట. స్క్రిప్ట్ రెండింటినీ కలిపి 133.32 చేస్తుంది. బియ్యాన్ని భోజనాల సంఖ్యతో భాగించే ఒక్క లైను రాస్తే, ఒకచోట పిల్లవాడికి నూరు గ్రాములు, ఇంకోచోట ఒక్క గ్రాము వస్తుంది. ఒక్క గ్రాము బియ్యంతో ఏ బిడ్డ కడుపూ నిండదు కాబట్టి తప్పు అక్కడే బయటపడుతుంది. ఇలాంటి లైను రాయాలంటే కంప్యూటర్ తెలిస్తే చాలదు, బడిలో అన్నం ఎలా వండుతారో తెలియాలి. అందుకే ఈ స్క్రిప్టులు బయటి కంపెనీల కంటే ఆ ఆఫీసులో ఏళ్ళ తరబడి కూర్చున్నవాళ్ళే బాగా రాయగలరని నమ్ముతాను. లైన్లు రాసిపెట్టడానికి ఇప్పుడు ఏఐ సాధనాలున్నాయి, తెలుగులో అడిగినా నిమిషంలో రాసిస్తాయి. కానీ మీ మండలాల నిల్ ఏమిటో, మీ క్వింటాలు ఏమిటో వాటికి మీరే చెప్పాలి. అలా అడిగేటప్పుడు కాలమ్ పేర్లు ఇవ్వండి, నాలుగు కల్పిత వరుసలు ఇవ్వండి, అంతవరకే. పిల్లల పేర్లూ ఆధార్లూ ఉన్న అసలు ఫైలు అందులోకి ఎక్కించకండి, వాట్సాప్ గ్రూపుల్లోనూ పడేయకండి. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. చట్టం లేకపోయినా అవి పరాయి పిల్లల వివరాలు.

వచ్చిన ఫైళ్ళని ఎప్పుడూ ముట్టుకోకండి. ఒక ఫోల్డర్లో అలాగే ఉంచి, చేసే మార్పులన్నీ స్క్రిప్ట్‌లోనే రాయండి. "ఫలానా మండలం బియ్యాన్ని నూరుతో హెచ్చించాను, క్వింటాళ్ళలో ఇచ్చారు కాబట్టి" అని పక్కనే ఒక ముక్క తెలుగులో రాసిపెట్టండి. రేపు మీరు బదిలీ అయి వెళ్ళినా మీ కుర్చీలోకి వచ్చేవాళ్ళకి ఆ నెల లెక్క ఎలా వచ్చిందో తెలుస్తుంది. ఆడిట్‌వాళ్ళు అడిగితే చూపించడానికి ఉంటుంది.

చివరిగా, ప్రొఫార్మాలు తయారుచేసే అధికారులకి ఒక మనవి. స్కూల్ కోడ్ కాలమ్‌ని మొదట పెట్టి టెక్స్ట్ చేయండి. కాలమ్ పేర్లు ఒక్క వరుసలోనే ఇచ్చి, ఎవరూ మార్చకుండా లాక్ చేయండి. కిలోలా క్వింటాళ్ళా అన్నది కాలమ్ పేరులోనే రాయండి. సంతకాల కోసం అందమైన ప్రింటు కావాలంటే దానికి వేరే షీట్ ఇవ్వండి. గ్రూపులో పెట్టే ముందు దాన్ని మీ ఆఫీసులో కన్సాలిడేట్ చేసే ఆపరేటర్‌కి ఒక్కసారి చూపించి, "ఇలా అయితే నీకు వీలుగా ఉంటుందామ్మా?" అని అడగండి.